మడిలో దిగిన కాళ్ళు

విజయవాడ మొగల్రాజపురంలో కొండవారగా ఉన్న ఆ మేడ రెండో అంతస్తుకి ఎక్కేసరికి అమలమ్మకి పావుగంట పట్టింది. మలుపు మలుపుకీ ఆగి, గోడ పట్టుకుని, "ఇంకెన్నున్నయ్యే మెట్లు?" అని అడిగేది. వెనకాల ఒక చేత్తో ఎక్స్‌రే కవరు, ఇంకో చేత్తో మందుల సంచీ పట్టుకున్న దీవెన "అయిపోయాయమ్మా, ఇంకో పది" అనేది. ఎన్నిసార్లు అడిగినా పదే చెప్పింది.

సూర్యారావుపేటలో డాక్టరుకి చూపించుకుని నేరుగా ఇక్కడికే వచ్చారు. మోకాళ్ళలో గుజ్జు అరిగిందన్నాడాయన. పది రోజులు ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. నడవొచ్చు, వండుకోవచ్చు, వంగి చేసే పనులూ బురదలో దిగే పనులూ మాత్రం కూడదన్నాడు.

"దిగి రెండేళ్ళయిందండీ" అంది అమలమ్మ.

"మంచిపని చేశారు" అన్నాడాయన.

అందులో మంచేముందో అమలమ్మకి అర్థం కాలేదు. పామర్రు దగ్గర వాళ్ళ పల్లెలో పన్నెండో ఏట మడిలో దిగిన మనిషి. నలభై ఏళ్ళపాటు ఊడ్పుల కాలం వచ్చిందంటే నాట్ల కూలీల ముఠాలో మొదటి వరస ఆమెదే. ఆమె వేసిన వరస చూసుకుని మిగతావాళ్ళు వేసుకునేవారు. ఇప్పుడు ఆషాఢం వచ్చేసరికి ముఠా ట్రాక్టరెక్కి వెళ్ళిపోతుంటే వాకిట్లో నిలబడి చెయ్యి ఊపుతోంది.

ఆమె కూతురు దీవెనకి ఇరవై ఆరేళ్ళు. ఆరో తరగతి నుంచీ హాస్టల్లోనే చదివింది. సెలవులకి ఇంటికొచ్చినా తల్లి మడిలో కాలు పెట్టనిచ్చేది కాదు. గట్టు మీద కూచోబెట్టి, పుస్తకం చేతికిచ్చి, "నీకు బురద అంటిందంటే నా కష్టమంతా బురదలో పోసినట్టే" అనేది. అలా గట్టు మీద కూచుని పుస్తకం మూలల్లో బొమ్మలు వేసుకున్న పిల్ల, ఇప్పుడు కంప్యూటరులో బొమ్మలు చెక్కే ఉద్యోగం చేస్తోంది.

మేడ రెండో అంతస్తులో ఉన్న ఆ ఆఫీసు సుస్మితది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, గట్టిగా నవ్వుతుంది. ఇంకా కట్టని అపార్ట్‌మెంట్లని కంప్యూటరులో కట్టి చూపించడం వాళ్ళ పని. కొనేవాళ్ళు వచ్చి తెర ముందు కూచుంటే హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిప్పి చూపిస్తారు. అదంతా బతకడానికి. సుస్మితకి అసలు ప్రాణం ఆటల మీద. ఏడాదిగా తీరిక చేసుకుని ముగ్గురూ ఒక ఆట తయారు చేస్తున్నారు. మూడోవాడు సాత్విక్, ప్రోగ్రాం రాస్తాడు, లబ్బీపేట కుర్రాడు, వరిచేను బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. ఆట పేరు 'ఊడ్పులు'. అందులో మనం మనిషిని బయటనుంచి చూడం, ఆ మనిషి కళ్ళలోంచే లోకాన్ని చూస్తాం. కాలవ గట్టు మీద నడిచి పొలానికి వెళ్ళాలి, నారుమడిలో తీసిన ఆకు కట్టలు మోయాలి, నాట్లు వేయాలి, వాన వస్తే బోదె తెరిచి మడిలో నీళ్ళు బయటికి వదలాలి. కాల్చడాలు, చంపడాలు లేవు. సెప్టెంబరులో హైదరాబాదులో జరిగే ఆటల ప్రదర్శనలో పెట్టాలని వాళ్ళ ఆశ.

"ఆంటీ, రండి రండి" అంటూ సుస్మిత కుర్చీ లాగింది. మంచినీళ్ళు ఇచ్చింది. ఆ తర్వాత ఆగలేక, "ఒక్కసారి మా పొలం చూస్తారా? తప్పులుంటే చెప్పాలి" అంది.

గోడమీది పెద్ద టీవీలో పొలం వచ్చింది. అమలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. సాత్విక్ ఆమె చేతిలో రిమోటు లాంటిది పెట్టి, ఎడమ బొటనవేలితో నడవడం, కుడి బొటనవేలితో చూడడం నేర్పించాడు. మొదట ఆమె ఆకాశంలోకి చూస్తూ కాలవలో పడింది. రెండోసారి గట్టు మీద నాలుగడుగులు వేసింది. పది నిమిషాలకి చెయ్యి కుదిరింది.

"బాగుందే" అంది అమలమ్మ. "తుమ్మచెట్టు నీడ నీళ్ళల్లో ఊగతంది చూడు. ఇది నువ్వే చేశావా?"

"నేనేనమ్మా."

అమలమ్మ మడిలోకి దిగింది. నీళ్ళ చప్పుడైంది. ఆమె చూపు కిందికి తిప్పింది. తిప్పి, ఆగిపోయింది. ఇంకా కిందికి తిప్పింది. నీళ్ళు, నీళ్ళల్లో మబ్బు. అంతే. కాసేపు అటూ ఇటూ తిరిగి చూసి, ఎడమచేత్తో తన మోకాలు తడుముకుంది.

"ఏంటి ఆంటీ?" అన్నాడు సాత్విక్.

"పొలం ఉంది, గట్టుంది, నీళ్ళున్నయ్యి బాబూ" అంది ఆమె. "నేనే లేను."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అపార్ట్‌మెంట్లు చూపించే అలవాటులో ఈ ఆటని కూడా అలాగే కట్టారు. అక్కడ చూసేవాడికి ఒళ్ళుండదు, గాలిలో తేలే రెండు కళ్ళే. గ్రానైటు గచ్చు మీద అది చెల్లిపోయింది. బురదలో చెల్లలేదు. ఏడాదిగా రోజూ ఆ మడిలో తిరుగుతున్నా, కిందికి చూసి తన కాళ్ళకోసం వెతుక్కోవాలని దీవెనకి ఒక్కనాడూ తోచలేదు. మడిలో కాలే పెట్టని మనిషికి ఎలా తోస్తుంది అనుకుంది.

ఆ పది రోజులూ అమలమ్మ కూతురి గదిలోనే ఉంది. ఉదయం ఫిజియోథెరపీ, ఆ తర్వాత ఆఫీసు. ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని దీవెన తీసుకొచ్చేది. మూడోరోజుకల్లా మెట్ల సంఖ్య ఆమెకే తెలిసిపోయింది. నలభై నాలుగు.

సాత్విక్ ఆ రోజుకి ఒక ఒళ్ళు సిద్ధం చేశాడు. ఎక్కడో ఇంటర్నెట్‌లో రెడీమేడ్‌గా దొరికింది. "ఆంటీ, ఇవాళ కిందికి చూడండి" అన్నాడు గొప్పగా.

అమలమ్మ చూసింది. మోకాళ్ళదాకా నల్లటి బూట్లు. అరచేతులకి తోలు తొడుగులు. ముంజేతులు ఒక్కోటీ అరటి బోదెంత.

"ఎవరీయన?" అంది. "పోలీసా?"

సుస్మిత నవ్వు ఆపుకోలేక బల్లమీద తలపెట్టింది. అమలమ్మ మాత్రం పనిలో పడి, నాటే మీట నొక్కింది. తెరమీది మనిషి వంగాడు. వంగడంతోనే చూపు అతని మెడలోంచి లోపలికి జారిపోయింది. లోపల ఏమీ లేదు, బోలు. పళ్ళ వరస వెనకవైపు నుంచి కనబడింది.

"అమ్మో, పాపం ఆయనకి లోపల ఏమీ లేదు" అంది అమలమ్మ. రిమోటు జాగ్రత్తగా బల్లమీద పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని అన్నాలు తింటుండగా దీవెన తల్లి చేతుల వంక చూస్తూ కూచుంది. గోంగూర పచ్చడి కలుపుతున్న ఆ కుడిచెయ్యి బొటనవేలు కాస్త బయటికి వంగి ఉంటుంది. నలభై ఏళ్ళు వేళ్ళని బురదలోకి నొక్కీ నొక్కీ అలా అయింది. ఎడమ చూపుడువేలి మీద కొడవలి గాటు తెల్లటి గీతలా ఉంటుంది. చిన్నప్పటినుంచీ ఆ చేతుల్ని చూస్తూనే ఉంది. కానీ ఒక బొమ్మ వేసేదాని కళ్ళతో ఇప్పుడే చూసింది.

"అక్కా" అంది సుస్మితతో. "మనకి ఒళ్ళు బయట ఎక్కడా దొరకదు. ఇదిగో, ఇక్కడుంది."

మర్నాడు మేడమీద నీళ్ళ ట్యాంకు నీడలో ఒక బల్ల వేసి, దానిమీద పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టారు. సాత్విక్ స్కూటరు మీద కంకిపాడు దాకా వెళ్ళి, ఒక రైతుని బతిమాలి, సంచీడు మడి మట్టీ రెండు కట్టల ఆకూ తెచ్చాడు. అతని తెల్లచొక్కా ఇక తెల్లచొక్కా కాదు. టబ్బు నడుమెత్తున ఉంది కాబట్టి అమలమ్మ వంగక్కర్లేదు. పైనుంచి ఒక ఫోను, పక్కనుంచి ఒక ఫోను బిగించారు. ఆ వీడియో చూసి వేళ్ళ కీళ్ళు ఎక్కడెక్కడున్నాయో కంప్యూటరు గుర్తుపడుతుంది. అది తప్పు పట్టినచోటల్లా దీవెన కూచుని సరిదిద్దుకోవాలి.

"చీర మీదే చెయ్యమంటావా? పొలంలో చొక్కా ఉండాలిగా" అంది అమలమ్మ. నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళు ఎండకీ ఆకు గరుకుకీ చీరమీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా వేసుకుంటారు. ఆమె వేసుకునేది మొగుడు బాలశౌరి పాత గళ్ళచొక్కా. అది ఊళ్ళో ఉంది. సాత్విక్ తన బ్యాగులోంచి ఇంకో చొక్కా తీసిచ్చాడు.

అమలమ్మ చేతులు మట్టిలో పెట్టింది. పెట్టి, కాసేపు ఏమీ చేయకుండా ఊరికే ఉంచింది. వేళ్ళు మాత్రం మట్టి లోపల మెల్లిగా కదిలాయి. దీవెన ఫోను సరిచేస్తున్నట్టు తల వంచుకుంది.

తర్వాత అమలమ్మ ఎడమ ముంజేతి మీద ఆకు కట్ట పెట్టుకుంది. ఎడమ బొటనవేలు మూడు నాలుగు మొక్కల్ని చీల్చి ముందుకి నెడుతోంది, కుడిచెయ్యి వచ్చి అందుకుంటోంది, వేళ్ళని కిందికి మడిచి మట్టిలో నొక్కుతోంది. కుడిచెయ్యి మట్టిలోంచి బయటికొచ్చేసరికి ఎడమచేతిలో తరవాతి కుదురు సిద్ధంగా ఉంటోంది. ఆ రెండు చేతులూ ఒకదానికొకటి ఎదురుచూడడం లేదు. టబ్బులో పదహారు కుదుళ్ళు పట్టాయి. నిమిషం కూడా కాలేదు.

"మెల్లిగా చెయ్యమ్మా, చూసుకోవాలి" అంది దీవెన.

"మెల్లిగా చేస్తే రాదే. ఆలోచించానంటే చెయ్యి తప్పుద్ది."

పీకి మళ్ళీ నాటింది. అలా పన్నెండుసార్లు. పదోసారి దాటాక అమలమ్మ సన్నగా పాట ఎత్తుకుంది. తను పాడుతున్నట్టు ఆమెకి తెలియదు. సుస్మిత చప్పుడు చేయకుండా ఇంకో ఫోను తీసి దాన్ని కూడా పట్టింది.

ఐదు రోజులు తిరిగేసరికి తెరమీద చేతులు వచ్చాయి. దీవెన గుర్తు తెచ్చుకుని వేసిన నాన్న గళ్ళచొక్కా మడతలు, మట్టి గాజులు, వంగిన బొటనవేలు, కొడవలి గాటు. మెడలోని మేరీమాత బిళ్ళ నల్లదారంతో కిందికి వేలాడి చూపుకి అడ్డంగా ఊగుతుంటే సాత్విక్ తీసేద్దామన్నాడు. అమలమ్మ ఒప్పుకోలేదు. "వంగితే అది అట్టాగే వచ్చుద్ది. నోట్లో పెట్టుకుంటాం."

నిజంగానే పెట్టుకునేవాళ్ళు. ముఠాలో సగంమంది బిళ్ళలు పళ్ళమధ్య పట్టుకుని నాటడం దీవెనకి గుర్తుంది. దాంతో బిళ్ళ ఊగడం ఉండిపోయింది.

చేతులు బతికాయి. నడుము కింద మాత్రం ఇంకా పోలీసాయన కాళ్ళే. అమలమ్మ కాసేపు చూసి, కుర్చీలోంచి లేచింది. చీర ఎగ్గట్టబోయింది. "కాళ్ళు కూడా తీసుకో. ఎంతసేపు, పది అడుగులేగా."

"కూచోమ్మా."

"నొప్పి లేదే ఇవాళ."

"అమ్మా, కూచో."

దీవెన కుర్చీని తల్లి వెనక్కి జరిపింది. అమలమ్మ కూచుంది. కూతురి మొహంలోకి చూసింది, ఆ తర్వాత కూతురి కాళ్ళ వంక చూసింది. తెల్లగా, పగుళ్ళు లేకుండా, వేళ్ళకి గోరింటాకు రంగుతో ఉన్నాయి. పాతికేళ్ళు వాటికి బురద అంటకుండా కాపాడింది తనే.

"అయితే నువ్వు దిగు" అంది. "నేను నేర్పిస్తా."

పది రోజులూ ముగిశాక సోమవారం ఉదయం తల్లీకూతుళ్ళూ సాత్విక్కూ పల్లెకి వెళ్ళారు. సుస్మితకి ఎవరికో అపార్ట్‌మెంటు చూపించాల్సి ఉండి రాలేదు. ముఠా అప్పటికే మడిలో ఉంది, పదకొండుమంది. నడిపించేది మాణిక్యం, అమలమ్మకి వదిన వరస. అమలమ్మ మానేశాక మొదటి వరస ఆమెకొచ్చింది.

"వదినా, కుర్చీ ఏసుకుని కూచో. కలెక్టరమ్మలాగా ఉన్నావ్" అంది మాణిక్యం నడుమెత్తకుండానే.

నిజంగానే ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి గట్టు మీద వేశారు. అమలమ్మ గొడుగు వేసుకుని కూచుంది. దీవెన తండ్రి గళ్ళచొక్కా తొడుక్కుని, పాత చీర మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, నుదుటికి ఒక చిన్న కెమెరా పట్టీతో బిగించుకుంది. సాత్విక్ గట్టు మీదనుంచి ఇంకో కెమెరా పట్టాడు. ఆడవాళ్ళంతా నడుములెత్తి చూశారు.

దీవెన దిగింది. మొదటి క్షణంలో చల్లదనం, రెండో క్షణంలో కాలు కింద నేల లేదన్న భయం. పిక్కల దాకా దిగబడి, ఆ తర్వాత గట్టిది తగిలింది. ఇలా ఉంటుందా అనుకుంది. ఇన్నేళ్ళు గట్టు మీదనుంచి చూసినప్పుడు నీళ్ళ మీదుగా నడుస్తున్నట్టు కనిపించేవాళ్ళు. లోపల ఇంత ఉందని తెలియలేదు.

"ఎనక్కి" అంది అమలమ్మ. "నాటుకుంటా ఎనక్కి రావాలి. ముందుకెళ్తే నాటిందాన్ని నువ్వే తొక్కుతావ్."

దీవెన వెనక్కి అడుగు తీయబోయింది. కాలు రాలేదు. గట్టిగా లాగింది. కాలు ఊడొచ్చింది, మనిషి మాత్రం వెనక్కి పడిపోయింది. బురదలో చతికిలబడి కూచుంది. పన్నెండు గొంతులు ఒక్కసారి నవ్వాయి. వాటిలో పెద్ద నవ్వు గొడుగు కిందనుంచి వచ్చింది. తల్లి అంత బిగ్గరగా నవ్వడం ఈ రెండేళ్ళలో దీవెన వినలేదు. అందుకని లేవకుండా ఇంకాసేపు అలాగే కూచుంది.

"లాగకూడదే. మడమ ముందెత్తు. ఎత్తి పక్కకి కాస్త వంచు. గాలి దూరుద్ది. అప్పుడదే వదులుద్ది."

మడమ ఎత్తింది, పక్కకి వంచింది. బురద చప్పుడు చేసి వదిలింది.

"ఆ. ఇప్పుడు మునివేళ్ళతో ఎతుక్కో. గుంట లేదనుకున్నాక మడమ దించు."

నాలుగు అడుగులకోసారి ఒరిగిపోతూ, కుదుళ్ళు వంకరగా నాటుతూ, ఒక వరస అయ్యేసరికి గంట పట్టింది. ఈలోపు ముఠా సగం మడి దాటిపోయింది. దీవెన వంగి వంగి తన కాళ్ళనే చూసుకుంటోంది. చూసిన ప్రతిసారీ తూలుతోంది.

"కాళ్ళ వంక చూడకు" అని అరిచింది అమలమ్మ. "నాటే చోటు చూడు. నీ కళ్ళు కుదురు మీద నిలబడితే కాళ్ళ పని కాళ్ళు చూసుకుంటయ్యి."

దీవెన వింది. కళ్ళు కుదురు మీద పెట్టింది. ఒక మొక్క, ఇంకో మొక్క. తల ఊగుతోంది, నడుము ఊగుతోంది, కాళ్ళు ఎక్కడో కింద మెత్తగా వెతుక్కుంటున్నాయి. చూపు అంచులో అవి కనబడుతున్నాయి, గోధుమరంగు నీళ్ళల్లో తన పిక్కలు, తన మోకాళ్ళు. చూడకుండానే అవి ఉన్నాయని తెలుస్తోంది. రెండో వరస ఇరవై నిమిషాల్లో అయింది. మూడోది ఇంకా తొందరగా.

పదకొండింటికి అందరూ గట్టెక్కి అన్నాలు తిన్నారు. దీవెన వేసిన మూడు వరసల్నీ మాణిక్యం నిలబడి చూసింది. మొదటిది కోడి తిరిగినట్టుంది. "సరిచేస్తా" అంటూ దిగబోతే అమలమ్మ ఆపింది. "ఉండనీ వదినా. ఆ వంకర కూడా పండుద్ది."

విజయవాడ తిరిగొచ్చాక అసలు చిక్కు ఎదురైంది. దీవెన నుదుటి కెమెరా పట్టింది పట్టినట్టు ఆటలో పెట్టారు. తల ఎలా ఊగిందో తెర కూడా అలాగే ఊగుతోంది. సాత్విక్ ఐదు నిమిషాలు ఆడి, కుర్చీలో వెనక్కి వాలి, మొహం తుడుచుకున్నాడు. "ఘాట్ రోడ్డు మీద బస్సులో ఉన్నట్టుంది. ఇంకాసేపు ఆడితే టిఫిను బయటికొస్తుంది." సుస్మిత మూడు నిమిషాలకే లేచిపోయింది. పోనీ ఊగడం తీసేద్దామని చూశారు. అప్పుడు కాళ్ళూ చేతులూ ఎవరివో పక్కన అతికించినట్టయ్యాయి.

"నిజంగా జరిగింది ఇదే కదా" అన్నాడు సాత్విక్. "నీ నుదుటి మీద ఉన్న కెమెరాయే కదా."

దీవెన ఆలోచించింది. నిజంగా జరిగింది ఇది కాదు. ఆ రోజు తను చూసిన మొక్క ఊగలేదు. మొక్క నిలబడే ఉంది, ఊగింది తను.

"సాత్విక్, తల అటూ ఇటూ ఊపుతూ ఆ క్యాలెండరు చదువు" అంది.

అతను తల ఊపుతూ గోడమీది క్యాలెండరు చదివాడు. "ఆగస్టు. శుక్రవారం. వరలక్ష్మీ వ్రతం."

"అక్షరాలు ఊగాయా?"

"లేదు." అతను ఊపడం ఆపాడు. "లేదే."

"తల ఊగుతుంది, కళ్ళు ఊగనివ్వవు. మనం కెమెరాని నుదుటికి కట్టాం. చూపుకి కట్టాలి. ఒళ్ళంతా ఆ రోజు నేను ఊగినట్టు ఊగనీ. చూపు మాత్రం కుదురు మీద నిలవాలి."

సాత్విక్ అప్పటికే కుర్చీ తిప్పుకుని రాయడం మొదలుపెట్టాడు. మూడు రోజులు పట్టింది. చూపు నాటే చోటు మీద నిలిచింది. దాని చుట్టూ చేతులు వచ్చి పోతున్నాయి, బిళ్ళ ఊగుతోంది, చూపు అంచులో మోకాళ్ళు ఒకటి తరవాత ఒకటి వెనక్కి జరుగుతున్నాయి. సుస్మిత కూచుని ఆడింది. పావుగంటయినా లేవలేదు. అరగంటకి ఎవరో ఫోను చేస్తే, "చేతులు ఖాళీ లేవు, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది. పెట్టేశాక తనే తన చేతుల వంక చూసుకుని నవ్వింది.

సెప్టెంబరులో హైదరాబాదు వెళ్ళారు. పెద్ద హాల్లో వందకి పైగా బల్లలు. అటుపక్క తుపాకులు పేలుతున్నాయి, ఇటుపక్క కార్లు గుద్దుకుంటున్నాయి. ఒక మూల వీళ్ళ బల్ల, రెండు కుర్చీలు. మొదటి గంట ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఒక పెద్దాయన కాళ్ళు నొప్పెట్టి కూచోడానికి వచ్చి, మాటవరసకి ఆడడం మొదలుపెట్టి, నలభై నిమిషాలు ఉన్నాడు. ఆయన వెనక ఇద్దరు నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇంకో నలుగురు.

మధ్యాహ్నానికి దీవెన తెర చూడడం మానేసి బల్లకింద చూడడం మొదలుపెట్టింది. ఆడుతున్న ఒక కాలేజీ అమ్మాయి చెప్పులు విడిచేసింది. తెరమీద మడమ లేచినప్పుడల్లా బల్లకింద ఆ అమ్మాయి మడమ కూడా లేస్తోంది. పక్కకి కాస్త వంగుతోంది. మునివేళ్ళు గచ్చు మీద వెతుక్కుని, మడమ దిగుతోంది. ఎవరూ నేర్పలేదు. అలా చేస్తున్నట్టు ఆమెకే తెలియదు. దీవెన సుస్మిత మోచెయ్యి పట్టుకుని కిందికి చూపించింది. ఇద్దరూ బల్లపక్కన గొంతుకూచుని, ఆ వరసలో వచ్చిన ప్రతివాళ్ళ పాదాలూ చూశారు. బూట్లూ, శాండిల్సూ, ఒక మామ్మగారి వెండి మట్టెలూ. అన్నీ వెనక్కి వెనక్కి జరుగుతున్నాయి. నిర్వాహకులు ఆ సాయంత్రం వాళ్ళ ఆటకి ఏదో బహుమతి ఇచ్చారు. సుస్మిత వేదిక మీద మాట్లాడింది గానీ ఏం మాట్లాడిందో ఆమెకే తర్వాత గుర్తులేదు.

మరుసటి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక దీవెన టీవీకి తగిలించే పెట్టె పట్టుకుని ఊరికి వెళ్ళింది. సాత్విక్ కూడా వస్తానని వచ్చాడు. మాణిక్యం ఇంట్లో పెద్ద టీవీ ఉంది కాబట్టి అందరూ అక్కడ చేరారు. ముఠా మొత్తం చాపల మీద కూచుంది. అమలమ్మని ముందు కుర్చీలో కూచోబెట్టారు.

తెరమీద గట్టు వచ్చింది. అమలమ్మ నడిచింది. మడిలోకి దిగి, కిందికి చూసింది.

ముందు మాణిక్యం ముందుకి వంగింది. "ఇయ్యి అమలమ్మ వదిన చేతులు" అంది. "ఆ కొడవలి గాటు నా పక్కన కోతకోస్తుంటే తెగింది. నేనే గుడ్డ కట్టా." ఇంకొకామె చొక్కాని గుర్తుపట్టింది. ఇంకొకామె బిళ్ళని. పాట వినబడితే అందరూ ఒక్కసారి తలలు తిప్పి అమలమ్మని చూశారు. అమలమ్మ నోరు మూసుకునే ఉంది, పాట పొలంలోంచి వస్తోంది.

"కాళ్ళు మాత్రం కొత్తయ్యి" అంది మాణిక్యం. "తడబడతన్నయ్యి."

"కొత్తయ్యే" అంది అమలమ్మ. తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా చెయ్యి చాచింది. పక్కనే నేలమీద కూచున్న దీవెన పాదం చేతికి తగిలితే పట్టుకుంది. "పై సగం నాది, కింద సగం దీనిది. ఇద్దరం కలిస్తే ఒక మనిషయ్యింది."

తల్లి చెయ్యి మళ్ళీ రిమోటు మీదికి వెళ్ళింది. ఒక కుదురు, ఇంకో కుదురు. అమలమ్మ వంగింది. వెనక్కి జరిగింది. లోతు బురదలో, మోకాళ్ళు నొప్పెట్టకుండా, ఆపకుండా నాటింది. మొదట మెల్లిగా, ఆ తర్వాత తన పాత జోరుతో. వెనకనుంచి ముఠా ఆమెకి గట్టు ఎంత దూరం ఉందో చెప్పడం మొదలుపెట్టింది. సాత్విక్ తను రాసిన ఆటలో ఒక మడి అంత తొందరగా పూర్తవుతుందని ఎప్పుడూ అనుకోలేదు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎవరో పాట అందుకున్నారు. తెరలోంచి వచ్చే గొంతుతో గదిలోని గొంతులు కలిశాయి.

మాణిక్యం కూతురు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి అందరికీ ఇచ్చింది. అమలమ్మ గ్లాసు కుర్చీ పక్కన పెట్టింది. "చల్లారిపోద్ది అత్తా, తాగు."

"ఉండవే" అంది అమలమ్మ. "ఈ వరస కానీ."